బాక్టీరియా పిసినారి కాదు

బాక్టీరియాలో ఒక జన్యువు తోక మీదికి పక్క జన్యువు తల ఎందుకు ఎక్కుతుందని బెల్లంపల్లిలో నీట్‌కు చదివే పిల్లల్ని అడిగి చూడండి. "జాగా ఆదాకు సార్" అంటారు. వాళ్లననేదేముంది, మనం చెప్పే పాఠమే అది. ఆ పాఠమే తప్పంటున్నాను.

ఈ మాట వైరస్‌ల దగ్గర పుట్టింది. ఫై-ఎక్స్ 174 అనే వైరస్‌లో ఒక జన్యువు కడుపులోనే ఇంకొకటి ఉందని 1976లో బయటపడింది. దాని డీఎన్‌ఏ మొత్తం 5,386 అక్షరాలే, ఉండేదేమో ఇరుకు డొల్లలో. పొదుపంటే నమ్మాలనిపిస్తుంది. ఆ జన్యువుల్ని విడివిడిగా పేర్చి 2012లో అమెరికాలో కొత్తగా కూరిస్తే, అప్పుడూ ఆ వైరస్ బతికింది!

అదే ఈ.కోలై బాక్టీరియాకైతే 46 లక్షల అక్షరాలు, సుమారు 4,300 జన్యువులు. బాక్టీరియాలో దాదాపు మూడోవంతు జన్యువులు ఇలా ఒరుసుకుంటాయి కానీ, చాలాచోట్ల పంచుకునేది ఒకటో నాలుగో అక్షరాలు. వెయ్యి చోట్ల నాలుగేసి వేసుకున్నా మిగిలేది నాలుగు వేలు. వెయ్యింట ఒక వంతుకూ రాదు. ఇక డిచ్‌పల్లి ఆసుపత్రి దశాబ్దాలు పోరాడిన కుష్ఠు క్రిమిని చూడండి. 2001లో దాని జన్యుపటం చదివితే సగానికి పైగా పనికొచ్చే జన్యువులు లేని జాగాయే, వెయ్యికి పైగా చచ్చిన జన్యువులు. నాలుగక్షరాలకు కక్కుర్తిపడే జీవి ఇంత చెత్త మోస్తుందా?

మరి ఆ అతుకు దేనికి? ట్రిప్టోఫాన్ తయారీలో ట్రిప్-ఈ, ట్రిప్-డి పక్కపక్క జన్యువులు. మొదటిదాని ముగింపు యూజీఏ, రెండోదాని మొదలు ఏయూజీ, నడుమ 'ఏ' అక్షరం ఒక్కటే ఉమ్మడి. రైబోజోమ్ ఒకటి ముగించిన చోటే రెండోది అందుకుంటుంది. మొదటిదాని అనువాదం మధ్యలో తెగితే రెండో ప్రోటీన్ కూడా పడిపోతుందని 1980లో ఓపెన్‌హైమ్, యానోఫ్‌స్కీ చూపించారు. ఈ రెండు ప్రోటీన్లూ జట్టుకట్టి పనిచేసేవి, సరిసమానంగా కావాలి. బొగ్గు వ్యాగన్ల మధ్య కప్లింగ్ పెట్టేది పట్టాలు మిగులుతాయని కాదు కదా.

అన్ని అతుకులకూ ఇంత పని ఉందనీ అనను. రెండు మైకోప్లాస్మా జాతుల్ని పోల్చిన 1999 నాటి పరిశోధనలో, ముగింపు సంకేతం చెడి, తర్వాతి ముగింపు దొరికేదాకా జన్యువు సాగి పక్కదాని మీద పడ్డ ఉదంతాలే ఎక్కువ కనిపించాయి. హాని లేదు కాబట్టి మిగిలాయి. పెద్దపెద్ద అతివ్యాప్తుల్లో కొన్నయితే కంప్యూటర్ జన్యువు మొదలును తప్పుగా గుర్తించడంతో పుట్టినవే.