గిన్నె పట్టుకొని వెళ్ళడానికి నామోషీ ఎందుకు?

మన చిత్తూరు ప్రాంతపు మసీదులలో రంజాను మాసంలో సాయంత్రం పూట గంజి కాచి పంచే ఆచారం ఉన్నదన్న సంగతి విద్యార్థులందరికీ తెలిసినదే. నా బాల్యంలో అసర్ నమాజు ముగిసేసరికి పిల్లలమంతా గుమ్మం వద్ద గిన్నెలతో వరుసగా నిలబడేవాళ్ళం. కొన్ని స్టీలువి, కొన్ని కళాయి పూసిన రాగివి, కొన్ని సొట్టలు పడిన సత్తువి. గిన్నెను చూచి అది ఎవరి ఇంటిదో చెప్పగలిగేవాళ్ళం. ఈనాడు పొయ్యి మీదినుంచి దింపిన గంజినే పలుచని కవర్లలో పోసి, మూతి ముడివేసి చేతికిస్తున్నారు. కొన్నేళ్ళ క్రితం నేను కూడ అట్టి కవరుతోనే ఇల్లు చేరాను. మా తల్లిగారు దానిని గిన్నెలోనికి ఒంపుతూ, "ఇంట్లో గిన్నె లేదా, బేటా?" అన్నారు. గిన్నె ఉన్నది. కళాశాలలో పాఠం చెప్పేవాడు గిన్నె చేతబట్టి వరుసలో నిలబడితే చూచేవారు ఏమనుకుంటారో అన్న సంకోచమే నాకు అడ్డువచ్చినది.

వంటింటిలోనికి ప్లాస్టిక్కు చవకదనం వల్ల వచ్చినదని సాధారణంగా అంటారు. అది సగం నిజం. తక్కిన సగం ఈ నామోషీయే. నూనెకు సీసా, పాలకు చెంబు, మాంసానికి మూత గల గిన్నె తీసుకొని వెళ్ళడం పేదరికానికి గుర్తు అని ఎప్పుడో, ఎవరూ చెప్పకుండానే, మనమందరం నమ్మినాము. పాడికి పేరుపడ్డ జిల్లా మనది. అయినను పట్నంలో కాపురమున్న మన పిల్లలకు పాల ప్యాకెట్టు కత్తిరించనిదే తెల్లవారదు. (కత్తిరించినప్పుడు ఆ మూల ముక్కను పూర్తిగా తెంచకుండా ఉంచితే మేలు. గోరంత ముక్కను చెత్తలో ఏరేవారెవరూ ఉండరు.)

పాలిథిన్ 1933లో ఇంగ్లండులోని ఒక రసాయన ప్రయోగశాలలో అనుకోకుండా తయారైన పదార్థం. నీటికి చెడదు, తేలికగా ఉంటుంది. అయితే వేడికి మెత్తబడుతుంది. మరుగుతున్న సాంబారునూ, టీనీ అందులో పోయడం దాని స్వభావానికే విరుద్ధం. "మేము కాగితపు కప్పులే వాడుతున్నాము" అని తృప్తిపడే వారికొక మాట. ఆ కప్పు లోపల నీరు పీల్చకుండా పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు అట్టి కప్పులలో 100 మిల్లీలీటర్ల వేడినీరు 15 నిమిషాలు ఉంచి చూడగా, సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు నీటిలో చేరినట్లు 2020లో తెలిపినారు.

వచ్చే దారి ఇది. పోయే దారి ఇంతకన్న బాధాకరం. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కవరులో వేసి, శుభ్రత పేరుతో ముడివేసి వీధిలో పారవేస్తాము. పశువుకు ముడి విప్పడం రాదు. వాసనకు వచ్చి కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికి రాదు, పొట్టలోనే పేరుకుంటుంది. మన రాయలసీమలోనే, పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వారు ఆవులకు శస్త్రచికిత్స చేసి పదుల కిలోల ప్లాస్టిక్కు వెలికి తీసినారు. 2012లో ఈ విషయమై సుప్రీం కోర్టును ఆశ్రయించినారు. పాల మీద బ్రతికే జిల్లావారమైన మనకు ఇది పరాయి ఊరి కథ కాదు.

చట్టం లేకపోలేదు. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. 120 మైక్రాన్ల కన్న పలుచని సంచులకు ఆ యేడు డిసెంబరు 31 నుండి అనుమతి లేదు. అంతకు ముందే, జూన్ 1 నుండి, తిరుమల కొండపై ప్లాస్టిక్కును నిషేధించినారు. పూతలపట్టు మీదుగా కొండకు పోయే యాత్రికులు అక్కడ గాజు సీసాలో నీరు త్రాగి, దిగివచ్చి మన దారిలో కవరు విసరుతున్నారంటే, లోపం అలవాటులో కాక ఎక్కడున్నది?

ఇంతమాత్రాన ఇంట్లోని డబ్బాలన్నీ పారవేసి కొత్త స్టీలు సామాను కొనమని నా అభిప్రాయం కాదు. అది మరొక రకం దుబారా. ఉన్న డబ్బాలలో పప్పులు, ఉప్పు పోసుకోవచ్చును. వేడి పదార్థం, నూనె, ఊరగాయ మాత్రం వాటిలో వద్దు. మామిడికాయ ఊరగాయకు జాడీని మించినది మన అవ్వలకు తెలియదు, నాకూ తెలియదు. తడిచెత్తకు మూత గల బకెట్టు చాలు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వార్షికోత్సవపు విందుకు, ఇఫ్తారుకు వాడి పారవేసే గ్లాసులు కొనడం మానవలసినది. షామియానాలు ఇచ్చేవారి వద్దనే స్టీలు గ్లాసులు, పళ్ళెములు అద్దెకు దొరుకుతాయి. కడిగేవారి కూలి అదనమగును, నిజమే. ఆ సాయంత్రం తొట్టి వద్ద కడగడానికి నేను వస్తాను. నాతో వచ్చేవారు పేర్లు ముందుగా ఇవ్వగలరు.

ఇక రాబోయే రంజానులో మసీదు గుమ్మం వద్ద నన్ను చూచే విద్యార్థులకు ముందే చెబుతున్నాను: సొట్ట పడిన ఆ సత్తు గిన్నె మా ఇంటిదే.