ఆ ఇరువది మాటలు

మన చిన్నమనూరు ప్రాంతపు తెలుగు కుటుంబములలో బుద్ధి యెదుగని బిడ్డ పుట్టినచో, వైద్యునికంటె ముందుగ కుచ్చనూరు శనీశ్వరుని సన్నిధికి తీసికొనిపోవువారు కలరు. ఇందు మేము తప్పెన్నము. అచట నువ్వులనూనె దీపము వెలిగించి కన్నీరు కార్చు తల్లిని పరిహసించు హక్కు ఎవరికిని లేదు. మా ఆక్షేపణ యంతయు మ్రొక్కు తీర్చి వచ్చిన పిమ్మట ఇంట జరుగుదానిని గూర్చియే. శని విడువలేదనియు, పూర్వజన్మ పాపమనియు, తల్లి కడుపు దోషమనియు తీర్మానించి, బిడ్డను వెనుకగదికి పంపుదురు. అక్కకు పెండ్లిచూపులనాడు ఆ గదికి గడియ పడును. దేవుడు వేయని శిక్షను దేవుని పేరిట మనము వేయుచున్నాము.

పిచ్చియు బుద్ధిమాంద్యమును ఒకటే యను భ్రమ ఇంకను పోలేదు. 1912 నాటి ఉన్మాదుల చట్టము రెండింటిని ఒకే గాటకట్టినది. 1987 నాటి మానసికారోగ్య చట్టము వేరుచేసినది. మనోవ్యాధి ఏ వయస్సుననైన రావచ్చును, తగిన ఔషధములతో చాలవరకు కుదుటబడవచ్చును. బుద్ధిమాంద్యము బాల్యముననే కనబడు ఎదుగుదల లోపము. దానిని పోగొట్టు మందు లేదు, కాని ఓపికతో నేర్పినచో తన చేత తాను అన్నము తినుటవంటివి పెక్కు మందికి అలవడును. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా మహిమను నమ్మి తెచ్చిన మనోరోగులను ఉంచిన పాక కాలిపోగా, గొలుసులతో బంధింపబడిన 28 మంది మరణించిరి. గొలుసునకు మతము లేదు. మన వెనుకగది గడియకును లేదు.

ఇక మనకే ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. విజయనగర నాయకుల కాలమునుండి మనము ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటలాడుచు బ్రదుకుచున్నాము. రెండవ భాష మనకు బరువు కాదు. కాని తీవ్రమైన లోపముగల బిడ్డకు ఇరువది మాటలు వచ్చుటయే గొప్ప, ఆ ఇరువదియు ఇంటి తెలుగే. తల్లిదండ్రులు గతించి, ఆతడు నలువదియేండ్ల వయస్సున ఏ ఆశ్రమముననో చేరినచో, “నీళ్లు” అనినను “నొప్పి” అనినను అచటి ఆయాకు తెలియునా? ఏడ్చినచో మొండివాడందురు. పాపమని పండ్లు పంచిపెట్టి వచ్చు మన దయ ఆ దప్పి తీర్చదు.

1999 నాటి జాతీయ న్యాస చట్టము క్రింద, 18 ఏండ్లు నిండిన అట్టివారికి సంరక్షకుని నియమింపుమని జిల్లా కలెక్టరు ఉన్న స్థానిక సమితికి దరఖాస్తు చేసికొనవచ్చును. ఈ పని తల్లిదండ్రులు బ్రదికియుండగనే జరుగవలెను. చిన్నాన్న చూచుకొనునులే యను నోటిమాటపై ఉంచరాదు. శిక్షణపద్ధతులు తెలిసికొనగోరువారికి సికింద్రాబాదులో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ కలదు.

సంఘమువారిని మేము కోరునది స్వల్పము. ఉగాది పంక్తిభోజనమునకు ఈ బిడ్డలను పిలిపించి నడుమ కూర్చుండబెట్టుడు, కేకవేసిన వేయనిండు. మరియు చదువుకొన్న యువకులిద్దరు అట్టి ప్రతి యింటికిని పోయి, తల్లి ప్రక్కన కూర్చుండి, ఆ బిడ్డ పలుకు మాటలను, వాని అర్థములను, చేతిసైగలను ఒక అట్టపై తమిళ లిపిలో వ్రాసి తల్లి చేతికీయవలెను. పని ఒక్కొక్క యింట ఒక్కపూట పట్టును. తల్లి యున్నప్పుడే వ్రాయవలెను.