‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అంటే ఊరుకుందామా?

శాసనసభ ప్రశ్నోత్తరాల కాగితాలు తిరగేసేవారికి మూడు జవాబులు కంఠతా వచ్చి ఉంటాయి. ‘అవునండి.’ ‘లేదండి.’ ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.’ మొదటి రెండిటితో పేచీ లేదు. మూడోదే రైతును ముంచేది.

దీనికి పెద్ద ఉదాహరణ పార్లమెంటులోనే ఉంది. మూడు సాగు చట్టాలను రద్దు చేసే బిల్లు 2021 నవంబరు 29న ఉభయ సభల్లోనూ చర్చ లేకుండానే ఆమోదం పొందింది. ఆ మర్నాడే, ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు సాగిన పోరాటంలో చనిపోయిన రైతుల కుటుంబాలకు పరిహారం ఇస్తారా అన్న ప్రశ్నకు లోక్‌సభలో లిఖిత జవాబు వచ్చింది. ఈ విషయంలో వ్యవసాయ శాఖ దగ్గర రికార్డు లేదు, కాబట్టి ప్రశ్న ఉత్పన్నం కాదు అని. సుమారు ఏడు వందల మంది చనిపోయారని సంయుక్త కిసాన్ మోర్చా చెబుతూనే ఉంది. లెక్క రాయకపోతే చావు లేదు, చావు లేకపోతే పరిహారం లేదు. ఇదీ ఆ జవాబు అర్థం.

కానీ మిత్రులారా, ఈ మాటను కాగితం మీద పెట్టించింది కూడా ఒక ప్రశ్నే. ప్రభుత్వం దగ్గర లెక్క లేదన్న సంగతి ప్రభుత్వం నోటితోనే దేశానికి తెలిసింది. అందుకే సభలో అడిగే ప్రశ్నను మన సంఘం చిన్నచూపు చూడకూడదని మేము అంటున్నాం.

ప్రశ్న బలం ఎంతో ముందు చూద్దాం. లోక్‌సభ కూర్చున్న రోజు మొదటి గంట ప్రశ్నలదే. రోజుకు 20 నక్షత్రపు గుర్తు ప్రశ్నలకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, వాటిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. మరో 230 ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న ముందో చీటీల పద్ధతిలో తేలుతుంది. అక్కడ ముందు వరుస, వెనక వరుస అన్న తేడా లేదు. మంత్రిపదవి లేని వాడికి, చివరి బెంచీలో కూర్చున్న వాడికి ఉన్న అసలైన అధికారం ఇదే. ఆ ప్రశ్న బయల్దేరితే శాఖ కార్యదర్శి నుంచి కలెక్టరుకు, కలెక్టరు నుంచి మండలానికి, మండలం నుంచి గ్రామానికి కాగితం దిగుతుంది. మనం ఏడాది తిరిగినా కదలని ఫైలు పదిహేను రోజుల్లో కదులుతుంది.

అధికార పార్టీ వెనక బెంచీ సభ్యుడు ఏం చేయగలడని అడిగేవారికి 1957 గుర్తు చేయాలి. జీవిత బీమా సంస్థను జాతీయం చేసి అప్పటికి ఏడాది దాటింది. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాలను ఆ సంస్థ సుమారు కోటీ ఇరవై నాలుగు లక్షలు పోసి కొన్నది. ఆ సొమ్ము పాలసీదారులది. ఈ సంగతిని సభలో నిలదీసింది ప్రతిపక్షం కాదు, కాంగ్రెస్ సభ్యుడు ఫిరోజ్ గాంధీ. ఆయన ప్రధాని నెహ్రూకు అల్లుడు కూడా. విచారణకు ఛాగ్లా కమిషన్ వేశారు, బహిరంగంగా విచారించారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. సొంత ప్రభుత్వాన్ని అడిగితే పార్టీ ద్రోహం అనుకునే మన ఎమ్మెల్యేలు ఈ కథ ఒకసారి చదువుకోవాలి.

ఇక మా అనుభవం చెబుతాం. కొన్నేళ్ల క్రితం ఒక డిసెంబరులో తుఫాను వచ్చింది. కోసి పనల మీదున్న వరి నీళ్లలో తేలింది, గింజ మొలకెత్తింది. మా మండలంలో సాగు చేసేవాళ్లలో ఎక్కువమంది కౌలుదారులే. పంట నష్టం రాసేటప్పుడు ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంటే వారికే పెట్టుబడి రాయితీ అన్నారు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూయజమాని పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం చేయాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని భయం. ఫలితంగా పంట పోయింది కౌలుదారుకు, డబ్బు పడింది యజమాని ఖాతాలో.

మేము మా ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లాం. అధికార పార్టీ మనిషి, సభలో చివరి వరుసల్లో కూర్చుంటాడు. సభలో మాట్లాడవేమని దెబ్బలాడాం. ఆయన ఓపిగ్గా విని ఒక మాట అన్నాడు. “రోజూ నా ఇంటి ముందు వంద మంది ఉంటారు. బదిలీ అంటారు, పింఛను అంటారు, లోను అంటారు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న సభలో అడగండి అని ఒక్కరన్నా కాగితం తెచ్చారా అండీ?”

మా దగ్గర జవాబు లేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మేము అడుగుతూనే ఉన్నాం గానీ, అడగాల్సింది అడగలేదు.

మొదటి ప్రశ్న మేమే పాడు చేశాం. ‘కౌలు రైతులను ఆదుకోవడానికి ప్రభుత్వం చర్యలు తీసుకుంటున్నదా?’ అని రాసిచ్చాం. ‘అవునండి’ అని వచ్చింది. అంతకన్నా ఏం వస్తుంది? తర్వాతి సమావేశాలకు బుద్ధి తెచ్చుకుని రాశాం. (అ) ఫలానా తుఫానులో నష్టపోయినట్లు నమోదైన వరి విస్తీర్ణం మండలాల వారీగా ఎంత? (ఆ) అందులో కౌలు కార్డుదారుల పేరున నమోదైనది ఎంత? (ఇ) వారిలో ఎంతమంది ఖాతాల్లో, ఏ తేదీన సొమ్ము జమ చేశారు? (ఈ) చేయకపోతే కారణమేమి?

ప్రశ్న వచ్చిన రోజు సభలో గొడవ జరిగింది. మా ప్రశ్న వంతు రాకముందే గంట అయిపోయింది. జవాబు సభ ముందు ఉంచినట్లుగా భావించారు, అంతే. టీవీలో ఎవరూ చూడలేదు, పేపర్లో రాలేదు. కానీ అచ్చు కాగితం మా చేతికొచ్చింది. మా మండలం పేరుకు ఎదురుగా కౌలుదారుల గడిలో సున్నా ఉంది. కౌలు కార్డులు చేతిలో పట్టుకున్నవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు!

ఆ కాగితం, ఆ కార్డులు పట్టుకుని సోమవారం గ్రీవెన్సుకు వెళ్లాం. అంతకు ముందు నాలుగుసార్లు ‘చూస్తాం’ అన్న అధికారులు ఆ రోజు కుర్చీలు వేశారు. తమ శాఖే సభకిచ్చిన లెక్కను వాళ్లు కాదనలేరు. మళ్లీ విచారణ జరిగింది, కార్డున్న వాళ్లలో కొందరికి ఎండాకాలంలో డబ్బు పడింది. కార్డు లేని వాళ్లకు పైసా రాలేదు. అందులో ఒక ఆడబిడ్డ, భర్త పోయాక మూడెకరాలు కౌలుకు చేస్తున్న మనిషి, ఆ కాగితం చూసి “ఇందులో నేనెక్కడున్నాను అన్నా?” అని అడిగింది. ఆమె ఎక్కడా లేదు. ఆమె ప్రశ్న ఇంకా సభకు చేరలేదు. ఇది పూర్తి విజయం కాదని మాకు తెలుసు.

జవాబుల్లో ఇంకో రకం ఉంది. ‘విషయం పరిశీలనలో ఉంది’, ‘సమాచారం సేకరిస్తున్నాం’. ఇది విని మనం నిట్టూర్చి లేచొస్తాం. నిజానికి ఇవి ఉత్త మాటలు కావు. లోక్‌సభలో ఇలాంటి మాటలను హామీలుగా లెక్కిస్తారు. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలి. నెరవేరాయో లేదో చూడటానికి 1953 నుంచి హామీల కమిటీ ఉంది. మన శాసనసభకూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. ఆ కమిటీకి మన జిల్లా రైతుసంఘం ఎన్ని ఉత్తరాలు రాసిందో లెక్క తీయండి. మేము తీశాం, సిగ్గుపడ్డాం.

ఈ ప్రశ్నల గంటను అన్ని వైపుల నుంచీ తినేస్తున్నారు. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి పార్లమెంటులో ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం మిగిల్చారు. మూడు సాగు బిల్లులు నెగ్గించుకున్నది ఆ సమావేశాల్లోనే. ప్రశ్నను అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకున్నందుకు 2005 డిసెంబరులో పదకొండు మంది ఎంపీలను బహిష్కరించారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2017 నవంబరు నుంచి నాటి ప్రతిపక్షం సభకు రావడం మానేసింది. 2021 నవంబరులో నాటి ప్రతిపక్ష నాయకుడు శపథం చేసి సభ వదిలారు. ఎవరి కారణాలు వారికి ఉండవచ్చు, అవమానాలూ నిజమే కావచ్చు. కానీ సభ్యుడు బయట ఉన్నన్నాళ్లూ అతను అడగాల్సిన ప్రశ్న కూడా బయటే ఉంటుంది. ఓటేసి పంపింది అలిగి ఇంట్లో కూర్చోవడానికి కాదు, బల్ల గుద్ది జైకొట్టడానికీ కాదు.

సమాచార హక్కు చట్టం ఉంది కదా, సభ ఎందుకని కొందరు అడుగుతారు. అదీ వాడాలి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అయితే 2005 చట్టంలో ఒక మంచి వాక్యం ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదని. 2023లో తెచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆ సెక్షన్‌ను మార్చి ఆ వాక్యాన్ని తీసేసింది. పౌరుడి కిటికీ ఇరుకవుతున్నప్పుడు సభ్యుడి తలుపు ఇంకా గట్టిగా తట్టాలి.

అందుకని ఈ పత్రిక చదివే ప్రతి మండల కమిటీకి మా విన్నపం ఇది. వచ్చే శాసనసభ సమావేశాలకు నెల రోజుల ముందే కూర్చోండి. ఒకే ఒక్క సమస్య తీసుకోండి. ధాన్యం బకాయా, కాలువ పూడికా, కౌలు కార్డా, మీ ఇష్టం. ‘చర్యలు తీసుకుంటున్నదా’ అని రాయకండి. ఎంత, ఎవరికి, ఏ తేదీన, ఎందుకు కాలేదు అని రాయండి. ఏ పార్టీ వాడైనా సరే, మీ ఎమ్మెల్యేకు ఇచ్చి, ఇచ్చినట్లు సంతకం తీసుకోండి. అడగనంటే ఆ సంగతి రచ్చబండ దగ్గర చెప్పండి. అడిగితే, ప్రత్యర్థి పార్టీ వాడైనా సరే, అదీ చెప్పండి. జవాబు వచ్చాక గ్రామసభలో చదివి, మీ ఊరి లెక్కతో సరిచూడండి. తేడా ఉంటే అదే రెండో ప్రశ్న.

వెనక బెంచీ సభ్యుడికి గొంతు లేదని మనం వెక్కిరిస్తాం. గొంతు అరువివ్వాల్సింది మనమే. మా ఊరి ఆడబిడ్డ అడిగిన మాటనే ఈసారి ప్రశ్నగా రాశాం. కార్డు లేని కౌలుదారులు మా మండలంలో ఎంతమంది, వారిని గుర్తించడానికి ప్రభుత్వం ఏం చేసింది? దానికి ‘ఉత్పన్నం కాదు’ అని వచ్చినా ఫరవాలేదు. ఆ కాగితం పట్టుకునే మళ్లీ వెళ్తాం.