ఆరోగ్య విషయములు: దేహపు జ్ఞాపకము

తట్టు పోసి తగ్గిన బిడ్డకు గండము గడచినట్లే యని మన యిండ్లలో ననుకొనుట కలదు. తట్టు మఱల రాదన్నంత వఱకు నీ మాట నిజమే. తక్కినది నిజము కాదు. ఆ సంగతి నీ మాసము మా సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున, డెన్మార్కు ఏలుబడిలో ఫారో దీవులు కలవు. 1781లో నచ్చట తట్టు వ్యాపించెను. పిమ్మట 65 ఏండ్లు దాని జాడ లేదు. 1846లో మఱల రాగా, 7,782 మంది జనులలో నించుమించు 6,000 మంది మంచమెక్కిరి. ప్రభుత్వము పంపగా పోయిన పానమ్ అను యువవైద్యుడు విచారింపగా, 1781లో తట్టు పోసిన వృద్ధులలో నొక్కరికిని అది తిరిగి సోకలేదని తెలిసెను. ఆ ముసలిదేహములు చిన్ననాటి శత్రువును మఱవలేదు!

వ్యాధిక్రిమి తొలిసారి చొచ్చినప్పుడు, దాని నెదిరింపగల తెల్లకణములు వృద్ధిపొంది ప్రతిరక్షకములను తయారుచేయుటకు వారము పదిదినములు పట్టును. రోగము నిమ్మళించినను వానిలో గొన్ని యేండ్ల తరబడి నిలిచియుండి, ఆ క్రిమి మఱల వచ్చినచో వెంటనే పట్టుకొనును.

ఇక తట్టు చేయు ద్రోహము వినుడు. దాని వైరసు ఆ జ్ఞాపకపు కణములలోనే దూరి వానిని చంపును. తన్ను గూర్చిన జ్ఞాపకము మిగులును గాని, అంతకుముందు జలుబులతో, దగ్గులతో, విరేచనములతో బిడ్డ కష్టపడి నేర్చిన పాఠములు చెఱిగిపోవును. నెదర్లాండ్సులో టీకా పొందని 77 మంది పిల్లల రక్తమును తట్టుకు ముందును పిమ్మటను పరీక్షింపగా, ప్రతిరక్షకములలో నూటికి 11 మొదలు 73 వంతుల వఱకు నశించినవని 2019లో ప్రకటించిరి. తట్టు తగ్గిన కొన్ని నెలలకు బిడ్డ న్యుమోనియాతో తీసికొన్నచో, దిష్టి యని యేడ్చిన తల్లులెందఱో! దొంగ యెవరో వారికి దెలియలేదు.

టీకాలోని వైరసు బలహీనపఱచబడినది; అది జ్ఞాపకము నిచ్చును గాని యున్నదానిని చెఱుపదు. మన దేశమున మొదటి టీకా 9 మాసములు నిండిన పిమ్మట వేయుదురు. అంతవఱకు నేల యాగవలెనందురా? గర్భమున తల్లి యిచ్చిన ప్రతిరక్షకములు కొన్ని మాసములు బిడ్డ నెత్తుట నిలిచి, టీకా పనికి నడ్డుపడగలవు. రెండవది 16 మొదలు 24 మాసముల నడుమ. బిడ్డ నడక నేర్చిన సందడిలో దీనినే పలువురు మఱచుచుందురు. గడువు దాటినదని సిగ్గుపడి మానుకొనవలదు. ఐదేండ్లు నిండులోపున నడిగినను ఆరోగ్య కేంద్రమున వేయుదురు.