మొదటి గ్లాసు పోసేదెవరు?

వాడలో ఒక పిల్లోడు తాగుడికి అలవాటుపడ్డాడంటే ఊరు ఒక మాట అంటుంది: "వాళ్ళ జాతే అంత." ఇంట్లో తల్లి ఇంకో మాట అంటుంది: "సావాసాలు చెడ్డవి." మొదటి మాట కులాహంకారం. రెండో మాట కడుపుకోత. రెండు మాటలూ అసలు సంగతిని కప్పిపెట్టేవే. పదిహేనేళ్ళ పిల్లోడు సొంత డబ్బులతో, సొంత ఆలోచనతో బ్రాందీ షాపుకు పోయి మొదటి గ్లాసు తాగడు. ఎవరో ఒకరు పోస్తారు. ఎవరో ఒకరు "తాగరా, మగోడివి కాదా" అంటారు. ఆ పోసినోడు ఎవడు? ఎందుకు పోశాడు? పోసినందుకు వాడికి వచ్చిన లాభం ఏంటి? ఈ మూడు ప్రశ్నలు అడక్కుండా తాగుడు మీద ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా గాలికి పోయేవే.

నేను బడిపంతుల్ని. మా ఇంటి నుంచి డిగ్రీ దాకా పోయిన మొదటివాణ్ణి. తొమ్మిది, పది తరగతుల్లో మన పిల్లలు బడికి రావడం తగ్గించి, ఒకరోజు పూర్తిగా మానేయడం ఏటా చూస్తూనే ఉన్నాను. పేదరికం ఉంది, కూలి ఉంది, బడిలో అవమానం ఉంది. వీటన్నిటి వెనక ఈమధ్య సీసా కూడా వచ్చి నిలబడింది. అందుకే ఈ ప్రశ్నకు జవాబు వెతకాలనిపించింది.

మొదటి గ్లాసు పోసేవాళ్ళలో ముందు వరసలో ఉండేది పార్టీలు. ఎన్నికలొస్తే జెండా పట్టుకోను, బైకు ర్యాలీకి, గోడమీద రాతలకు మన కుర్రాళ్ళు కావాలి. ఓటు కూడా రాని పిల్లల్ని తీసుకుపోయి సాయంత్రం బిర్యానీ పొట్లం, సీసా చేతిలో పెడతారు. గెలిచినోడు అసెంబ్లీకి పోతాడు, మన పిల్లోడు బెల్టు షాపుకు పోతాడు. ఆ నాయకుడి కొడుకు మాత్రం ఆ వయసులో పట్నంలో కోచింగులో ఉంటాడు.

రెండో వరస పని దగ్గర. పొగాకు బ్యారన్ కాడ, రొయ్యల చెరువు కాడ, ట్రాక్టరు మీద రాత్రి పనులకు మన పిల్లల్ని పెట్టుకుంటారు. ఇంకో రెండు గంటలు ఎక్కువ చేయించుకోవాలంటే కూలి పెంచాలి కదా. కూలి పెంచకుండా చుక్క పోస్తారు. ఎనభై రూపాయల సరుకుతో రెండొందల పని రాబట్టుకుంటారు. దీన్ని మనోళ్ళు దయ అనుకుంటున్నారు. "మా ఆసామి మంచోడు, పని కాగానే మందు పోయిస్తాడు" అని చెప్పుకుంటున్నారు.

మూడోది మన బతుకుల్లో చాలా లోతుగా నాటుకుపోయింది. చావు దగ్గర డప్పు, గొయ్యి తవ్వడం, చచ్చిన గొడ్డును లాగడం, జాతరలో ముందు నడవడం, ఈ పనులన్నీ తరతరాలుగా మన చేత చేయించారు. వీటికి కూలి కట్టి ఇవ్వాలంటే లెక్క చెప్పాలి. లెక్క చెబితే ఇద్దరూ మనుషులే అని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని లెక్క లేకుండా కల్లు ముంత, సారా చుక్క పోశారు. కూలి అడిగితే ఎదిరించినట్టు, కల్లు అడిగితే ఆచారం ప్రకారం నడుచుకున్నట్టు. ఇది వెట్టి కాక మరేంటి? ఇవాళ్టికీ చాలా ఊళ్ళల్లో డప్పుకొట్టే కుర్రాడికి డబ్బులు తక్కువిచ్చి క్వార్టర్ చేతిలో పెడుతున్నారు. "తాగకపోతే డప్పు మోగదు" అని మనోళ్ళే నమ్ముతున్నారు. డప్పు మోగేది చేతితో, లెక్కతో, ఏళ్ళ తరబడి నేర్చిన విద్యతో. ఆ విద్యకు వెల కట్టకుండా చేయడానికి పుట్టించిన మాట అది.

నాలుగో వరసలో మనమే ఉన్నాం. మేనమామ పెళ్ళిలో, అన్న పుట్టినరోజున, ఊరేగింపులో డీజే ముందు పిల్లలకు మనమే పోస్తున్నాం. సాయంత్రం అయ్యేసరికి "ఒరే, పోయి ఒక క్వార్టర్ పట్రా, చిల్లర నువ్వుంచుకో" అని పన్నెండేళ్ళ పిల్లోణ్ణి బెల్టు షాపుకు పంపేది మనింటి పెద్దలే. దారి చూపించి, దుకాణం పరిచయం చేసి, పైగా చిల్లర లంచం ఇచ్చి, నాలుగేళ్ళ తర్వాత "వీడెట్లా చెడిపోయాడు" అని తలకాయ పట్టుకుంటున్నాం. అన్నిటికంటే సిగ్గుచేటు ఏంటంటే ఏప్రిల్ 14న బాబాసాహెబ్ విగ్రహం ముందు తూలుతూ ఎగిరే కుర్రాళ్ళు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన తన జనంచేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టనన్నది ఒకటి. అంతకు చాలా ముందే, 1880లో, పూణే మునిసిపాలిటీ సభ్యుడిగా ఉన్న జోతిరావు ఫూలే సారా దుకాణాలు పెంచడాన్ని ఎదిరించాడు. వాళ్ళ ఫొటోలకు దండలేసి వాళ్ళ మాటను సీసాలో ముంచుతున్నాం.

ఇక అన్నిటికీ పైన సర్కారు ఉంది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చింది సర్కారే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడితే ఆ మంట జిల్లా అంతా అంటుకుంది. 1992లో సారా పాటలు జరక్కుండా ఆడవాళ్ళు అడ్డం నిలిచారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన వాళ్ళలో కూలికిపోయే దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ళు ఎంతోమంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. తర్వాత ఏ పార్టీ వచ్చినా మార్చింది అమ్మే పద్ధతే. 2019లో ఆంధ్రలో సర్కారే కొట్టు పెట్టి అమ్మింది. 2024లో మళ్ళీ ప్రైవేటు షాపులకిచ్చి 99 రూపాయల క్వార్టర్ తెచ్చింది. తెలంగాణలో 2021లో మద్యం షాపుల కేటాయింపులో ఎస్సీలకు పది శాతం రిజర్వేషన్ ఇచ్చారు. భూమిలో వాటా అడిగితే లేదు, ప్రైవేటు ఉద్యోగాల్లో వాటా అడిగితే లేదు, బ్రాందీ షాపులో మాత్రం వాటా ఉంది! ఆ షాపు దక్కిన దళితుడు ఒకడు బాగుపడొచ్చు. వాడి గల్లాపెట్టెలో పడేది మాత్రం ఏ వాడ డబ్బు? దీన్ని సామాజిక న్యాయం అని చప్పట్లు కొట్టే మిత్రులతో నాకు పేచీ ఉంది.

నెల్లూరు పోరాటం నుంచి మనం నేర్చుకోవాల్సింది నిషేధం ఒక్కటే కాదు. ఆ ఆడవాళ్ళు ఎక్కడ కలిశారు? రాత్రిపూట అక్షరాస్యతా కేంద్రాల్లో. పగలంతా కూలి చేసి, రాత్రి లాంతరు ముందు అక్షరాలు దిద్దుతూ, వాచకంలో సారా మీద పాఠం చదివి, "ఇది మన ఇంటి కథే" అనుకున్నారు. కలిసి కూచునే చోటు ఉంది కాబట్టి కలిసి లేవగలిగారు. ఇవాళ మన వాడల్లో చీకటిపడితే కుర్రాళ్ళు కూచునే చోటేది? కమ్యూనిటీ హాలుకు తాళం, లేదా లోపల ఎవరివో వడ్ల బస్తాలు. లైబ్రరీ లేదు. ఆడుకునే స్థలం లేదు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా లైటు వెలిగే ఒకే ఒక్క చోటు బెల్టు షాపు. ఆ మూడు గంటలు మనం గెలుచుకోకపోతే పిల్లల్ని గెలుచుకోలేం.

ఇంటి లెక్క కూడా ఒకసారి వేసుకుందాం. రోజుకొక 99 రూపాయల క్వార్టర్ అనుకుంటే ఏడాదికి 36,135 రూపాయలు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు ఉండేది. అప్పుడు ఒక కుటుంబానికి వంద రోజులూ నిండా పని దొరికినా వచ్చేది 30,700. అంటే ఆ ఇంటి ఆడమనిషి ఎండలో మట్టి తవ్వి తెచ్చిన వంద రోజుల కూలి ఒక సీసాకు చాలదు. ఇంకా పొదుపు సంఘం కిస్తీ ఎట్లా కట్టాలి? అన్న తాగుడికి పెట్టిన డబ్బు చెల్లెలి కాలేజీ ఫీజు. ముందు ఆగిపోయేది ఆడపిల్ల చదువే. తల్లి తన్నులు తింటది, పిల్ల పెళ్ళి పీటలెక్కుతది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్నిచోట్ల కుల పెద్దలు, యువజన సంఘాలు తాగినోణ్ణి స్తంభానికి కట్టేయడం, గుండు గీయించడం, జరిమానా వేసి ఆ డబ్బుతో విందు చేసుకోవడం లాంటివి చేస్తున్నారు. స్తంభానికి కట్టేయడం ఎవరు కనిపెట్టిన శిక్షో మనకు తెలీదా? మన తాతల్ని కట్టేసిన తాడుతో మన పిల్లోణ్ణి కట్టేస్తామా? అవమానం వల్ల తాగుడు మానినోణ్ణి నేను చూళ్ళేదు, ఊరొదిలిపోయినోళ్ళను చూశాను. చిన్న వయసులో మొదలుపెట్టినోడికి తాగుడు తొందరగా పట్టుకుంటది, వదలడం కష్టం. అది ముదిరితే జబ్బు. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, కొందరికి ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడటం జరుగుతుంది. అది దయ్యం కాదు. భూతవైద్యుడి దగ్గరికి కాదు, సర్కారు ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. మత్తు మాన్పించే సలహాకు 14446, మనసు బాగోకపోతే 14416 నంబర్లకు ఫోను చేయొచ్చు, డబ్బులు అక్కర్లేదు. ఈ నంబర్లు ప్రతి వాడలో గోడమీద రాయించండి.

మరి ఏం చేయాలి? వాడ వాడలో మనం చేయగలిగిన పనులు నాలుగు చెబుతాను.

ఒకటి, డప్పుకు డబ్బులే. గొయ్యికి డబ్బులే. మందు రూపంలో కూలి తీసుకోమని వాడంతా ఒక్క మాట మీద నిలబడాలి. రేటు ముందే చెప్పాలి, పని కాగానే చేతికి తీసుకోవాలి. ఒక్క ఇల్లు జారినా మాట నిలవదు, కాబట్టి మాలపల్లె, మాదిగపల్లె కలిసి కూచుని తేల్చుకోవాలి.

రెండు, పిల్లల్ని షాపుకు పంపొద్దు. ఇది నీతి సంగతే కాదు, చట్టం. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షను ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు మద్యం ఇచ్చినోడికి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. 78వ సెక్షను ప్రకారం పిల్లలచేత మద్యం అమ్మించినా, మోయించినా అంతే శిక్ష. మన రాష్ట్రాల్లో ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకు షాపులో మద్యం అమ్మకూడదు. బెల్టు షాపుకైతే అసలు లైసెన్సే లేదు. ఈ మాటలు అర్జీలో రాసి గ్రామసభలో చదవండి, నకలు మీద సంతకం, ముద్ర తీసుకోండి. ఎన్నికలప్పుడు పిల్లలకు మందు పోసే పార్టీకి కూడా ఇవే సెక్షన్లు వర్తిస్తాయని వాళ్ళ మొహమ్మీదే చెప్పండి.

మూడు, కమ్యూనిటీ హాలు తాళం తీయించండి. సాయంత్రం ఒక గంట చదువు, ఒక గంట ఆట. వాలీబాల్ నెట్టుకు, రెండు లైట్లకు వాడలో ఇంటికింత వేసుకుంటే చాలు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు, లాంగ్‌జంప్ లాంటివి ఉంటాయి. దానికి తెల్లారుజామున లేచి పరిగెత్తే కుర్రాడు రాత్రి తాగలేడు. వాడితోపాటు ఇంకో నలుగుర్ని పరిగెత్తించండి. పాట, డప్పు, నాటకం నేర్పే పెద్దలు ప్రతి వాడలో ఉన్నారు, వాళ్ళను పిలవండి. ఆడపిల్లలకు కూడా ఆ హాల్లో చోటుండాలి. మగపిల్లల అడ్డాగా మారితే మళ్ళీ మొదటికొస్తాం. చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న మనోళ్ళు జయంతికి చందా రాసిచ్చి చేతులు దులుపుకోవద్దు. వారానికి ఒక్క సాయంత్రం వచ్చి పిల్లల దగ్గర కూచోండి.

నాలుగు, ఉద్యమ సభ, జయంతి, వర్ధంతి ఏదైనా మందు లేకుండా జరగాలి. తాగొచ్చినోడు ఎంత పెద్ద నాయకుడైనా మైకు ఇవ్వొద్దు. కార్యకర్త తాగుతూ కుర్రాళ్ళకు బుద్ధి చెబితే వాళ్ళు నవ్వుతారు. నవ్వడం న్యాయమే.

కొందరు మిత్రులు అంటారు, "భూమి సమస్య ఉంది, దాడులున్నాయి, రాజ్యాధికారం ఉంది. ముందు అవి చూడాలి గానీ ఈ సంస్కరణ పనులేంటి" అని. కారంచేడు (1985) తర్వాత చీరాలలో, చుండూరు (1991) తర్వాత తెనాలిలో మన జనం ఊళ్ళొదిలి వచ్చి శిబిరాల్లో నిలబడ్డారు. ఆకలికి, బెదిరింపులకు, రాజీ బేరాలకు లొంగకుండా నిలబడ్డారు కాబట్టే దళిత ఉద్యమం నిలబడింది. రేపు అలాంటి రోజు వస్తే రాత్రి కాపలా ఉండాల్సింది ఎవరు? కోర్టులో సాక్ష్యానికి ఏళ్ళ తరబడి తిరగాల్సింది ఎవరు? ఒక క్వార్టర్‌కు సాక్షి మాట మార్చే పరిస్థితి ఉంటే ఏ అట్రాసిటీ కేసు నిలుస్తుంది? మన కుర్రాళ్ళు తాగి పడి ఉండటం వల్ల సుఖపడేది ఎవరో ఆలోచించండి. కాబట్టి ఇది ఉద్యమం పక్కన చేసే పని కాదు, ఉద్యమంలో పనే.

వచ్చే ఆదివారం సాయంత్రం మీ వాడ హాలు ముందు చాప వేయండి. తల్లుల్ని ముందు కూచోబెట్టండి, కుర్రాళ్ళను పిలవండి, తిట్టొద్దు. ఒక్కటే అడగండి: "నీకు మొదటి గ్లాసు ఎవరు పోశారు?" వాళ్ళు చెప్పిన పేర్లు రాసుకోండి. ఆ పేర్లలో మన పేరుంటే ముందు మనం మారదాం. ఊరి ఆసామిదో పార్టీ నాయకుడిదో ఉంటే అందరం కలిసి వాళ్ళ గుమ్మం ముందుకు పోదాం.

జై భీమ్.