సీ గ్రూపులో కూర్చోబెట్టిన జట్టు

అన్నదమ్ములు వేరు పడ్డప్పుడు పాత ఇల్లు పెద్దవాడికి, ఊరవతలి ఖాళీ జాగా చిన్నవాడికి. ఆ ఇంటి గోడలకు ఇద్దరూ మట్టి మోశారన్న మాట పంచాయితీలో ఎవరికీ గుర్తుండదు. దేశాలు విడిపోయినప్పుడూ ఇదే తంతు. స్లోవాకియా ఐస్ హాకీ జట్టుకు జరిగింది ఇదే. అడుగున ఉక్కు పట్టీలున్న బూట్లు తొడుక్కుని, నల్లటి రబ్బరు బిళ్ల కోసం మంచు గడ్డ మీద కొట్లాడే ఆ ఆట మనలో చాలామందికి కొత్త. పంపకాల కథ మాత్రం మనకు కొత్త కాదు.

1993 జనవరి 1న చెకోస్లోవాకియా రెండు దేశాలైంది. ఒక్క తూటా పేలలేదు. చెక్ నాయకుడు వాక్లావ్ క్లౌస్, స్లోవాక్ నాయకుడు వ్లాదిమిర్ మెచియార్ కూర్చుని మాట్లాడుకుని తేల్చేశారు. జనాన్ని ఓటు అడగలేదు. కాబట్టి అది జనం కొట్లాడి తెచ్చుకున్న విభజన అని మేం అనం. చెక్‌ల జనాభా కోటి పైచిలుకు, స్లోవాక్‌లు అందులో సగం. ఆస్తులు ఆ లెక్కనే రెండుకొకటి చొప్పున పంచుకున్నారు. ఉమ్మడి దేశపు చిహ్నాలను ఇద్దరిలో ఎవరూ వాడకూడదని ముందే చట్టం కూడా రాసుకున్నారు. రాసుకున్నది రాసుకున్నట్టే ఉంది, పాత జెండా మాత్రం చెక్ రిపబ్లిక్ జెండా అయింది!

విభజన నాటికి స్వీడన్‌లో జూనియర్ల ప్రపంచ ఐస్ హాకీ పోటీలు నడుస్తున్నాయి. డిసెంబరు 26న చెకోస్లోవాకియా పేరుతో దిగిన కుర్రాళ్లు, జనవరి 4న పోటీలు ముగిసే నాటికి రెండు దేశాల పౌరులు. మధ్యలో దేశమే లేకుండా పోయింది. ఆ కుర్రాళ్లు కలిసే ఆడారు, కాంస్యం గెలిచారు. కలిసి గెలిచిన ఆఖరి పతకం అది.

తర్వాత అసలు పంచాయితీ వచ్చింది. ప్రపంచ పోటీల్లో పెద్ద జట్లన్నీ ఏ గ్రూపులో ఆడతాయి. దాని కింద బీ, ఆ కింద సీ. చెకోస్లోవాకియాకు ఏ గ్రూపులో ఉన్న స్థానం ఎవరిది? వారసత్వం చెక్‌లదేనని అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య తేల్చింది. స్లోవాకియా కొత్త సభ్యదేశమట, కింద నుంచి మొదలుపెట్టాలట. చెకోస్లోవాకియా ఆరుసార్లు ప్రపంచ విజేత. 1972, 76, 77 విజయాల్లో గోల్ కాసిన వ్లాదిమిర్ జురిల్లా స్లోవాక్. 76, 77 జట్లలో ఆడిన పీటర్ ష్టాస్ట్నీ స్లోవాక్. ఉమ్మడి ఇంట్లో ఉన్నంతకాలం వీళ్లు ప్రపంచ విజేతలు. ఇల్లు విడిపోయిన మర్నాడు ఓనమాలు దిద్దాల్సిన వాళ్లు! చెక్ ఆటగాళ్లను మేం తప్పు పట్టడం లేదు, వాళ్లూ అంతే కష్టపడ్డారు. కష్టం ఇద్దరిదైనప్పుడు ఖాతా ఒక్కరి పేరునే ఎట్లా రాస్తారన్నదే మా ప్రశ్న.

ఒలింపిక్స్ తలుపు మాత్రం కొంచెం తెరిచే ఉంది. 1993లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో అర్హత పోటీలు గెలిచి, స్లోవాకియా 1994 ఫిబ్రవరిలో నార్వేలోని లిల్లేహామర్‌కు చేరింది. ప్రారంభోత్సవంలో జెండా పట్టింది ఆ ష్టాస్ట్నీయే. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు. 1980లో కమ్యూనిస్టు ప్రభుత్వం కళ్లుగప్పి కెనడా పారిపోయినవాడు. 1984లో కెనడా జట్టు చొక్కా కూడా వేసుకున్నవాడు. అలాంటి మనిషి పదేళ్ల తర్వాత, పుట్టినగడ్డకు తొలిసారి దొరికిన సొంత జెండా మోస్తూ నడిచాడు.

ఆ జట్టు ఏం చేసింది? స్వీడన్‌తో 4-4, అమెరికాతో 3-3. కెనడాను 3-1తో ఓడించింది. ఒక్క ఓటమి లేకుండా గ్రూపులో మొదటి స్థానం. క్వార్టర్ ఫైనల్లో రష్యా చేతిలో, అదీ అదనపు సమయంలో, 3-2తో ఓడింది. మొత్తం మీద ఆరో స్థానం. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం స్వీడన్‌ది, రజతం కెనడాది. ఒకరితో సమం, ఇంకొకరి మీద గెలుపు. మరి మరుసటి నెలలో ఈ జట్టు ఎక్కడ ఆడింది? సీ గ్రూపులో! కెనడాను ఓడించిన దేశానికి కాగితం మీద ఇంకా మూడో తరగతే.

స్లోవాక్‌లు దానికి అలిగి కూర్చోలేదు. 1994లో సీ గ్రూపు గెలిచారు. 1995లో బ్రాటిస్లావాలో సొంత జనం ముందు బీ గ్రూపు గెలిచారు. 1996లో ఏ గ్రూపులోకి వచ్చారు. వచ్చిన ఏడాది పదో స్థానం. అదే ఏడాది చెక్‌లు ప్రపంచ విజేతలు. 'చూశారా, విడిపోతే ఎవరి బతుకు ఏమైందో' అనడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు. చిన్నవాళ్లు బతకలేరన్న పాట 2014 జూన్ 2 దాకా మనమూ వింటూనే వచ్చాం. దేశం వేరు, రాష్ట్రం వేరు, ఆ తేడా తెలియక చెప్పడం లేదు. పాట రాగం ఒకటేనని చెబుతున్నాం.

2000లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రపంచ పోటీల ఫైనల్. ఎదురెదురుగా నిలబడ్డది చెక్, స్లోవాకియా. ఏడేళ్ల కింద ఒకే చొక్కా వేసుకున్న వాళ్లు. చెక్‌లు 5-3తో గెలిచారు. రెండేళ్లకు, 2002 మే నెలలో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో స్లోవాక్‌లు మళ్లీ ఫైనల్ చేరారు. ఈసారి ఎదురుగా రష్యా. 3-3తో సమం. ఇంకా నిమిషం 40 సెకన్లే ఉన్నాయనగా పీటర్ బొండ్రా కొట్టిన బిళ్ల గోల్‌లోకి పోయింది. 4-3. సీ గ్రూపు నుంచి ప్రపంచ కిరీటం దాకా ఎనిమిదేళ్లు. బ్రాటిస్లావా వీధులు ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలి. ఆ గోల్ కొట్టిన బొండ్రా స్లోవాకియాలో పుట్టలేదు. పుట్టింది ఉక్రెయిన్‌లోని లుట్స్‌క్‌లో. చిన్నప్పుడే కుటుంబంతో పాటు స్లోవాకియాలోని పోప్రాడ్‌కు వచ్చి, ఆట అక్కడే నేర్చాడు. ఆయన పౌరసత్వం కాగితాలు చేతికొచ్చింది దేశం విడిపోయాకే. స్థానికుడంటే ఎవడన్న చర్చ మన దగ్గరా తక్కువ జరగలేదు గదా! ఆ ఊళ్లో పెరిగి, ఆ ఊరి కోసం చెమట కార్చినవాడిని స్లోవాక్‌లు మనవాడే అన్నారు. తప్పేముంది?

అయితే 2002 స్వర్ణాన్ని చూపి సొంత రాజ్యం వస్తే చాలు, పతకాలు వాటంతటవే వస్తాయని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. బొండ్రా, మిరోస్లావ్ షాటన్, పావోల్ డెమిత్రా తరమంతా ఉమ్మడి దేశంలో స్కేటింగ్ నేర్చిన తరం. పాత బావిలోని నీళ్లు కొన్నాళ్లు వచ్చాయి. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2012 ప్రపంచ పోటీల్లో రజతం, అది కూడా సెమీ ఫైనల్లో చెక్‌లను ఓడించి. డెమిత్రా అప్పటికే లేడు, 2011లో విమాన ప్రమాదం మింగేసింది. తర్వాత బావి అడుగంటింది. 2014 సోచి ఒలింపిక్స్‌లో అమెరికా చేతిలో 7-1, ఇరవై లక్షల జనాభా ఉన్న స్లోవేనియా చేతిలో 3-1. పదకొండో స్థానం. తమకన్నా చిన్న దేశం వచ్చి కొట్టిపోయింది! అప్పుడు చెక్‌ల మీద నెపం వేయడానికి లేదు. ఇరవై ఏళ్లుగా ఇల్లు తమదే, పిల్లలను తయారు చేసుకోవాల్సిన పూచీ కూడా తమదే.

అందుకే 2002 కన్నా 2022 బీజింగే మాకు పెద్దది. మొదటి రెండు ఆటలూ ఓడారు, ఫిన్లాండ్ మీద 6-2, స్వీడన్ మీద 4-1. ఇంటిదారి పడతారనుకున్నారంతా. క్వార్టర్ ఫైనల్లో అమెరికా. 44 సెకన్లే మిగిలాయనగా మారెక్ హ్రివిక్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో గెలిచారు. సెమీస్‌లో ఫిన్లాండ్ మళ్లీ ఓడించింది. ఆఖరికి కాంస్యం కోసం, ముందు తమను ఓడించిన స్వీడన్‌నే 4-0తో కొట్టారు. సొంత జెండా కింద స్లోవాక్‌లకు ఒలింపిక్ హాకీలో అదే తొలి పతకం.

ఆ పోటీల్లో ఏడు గోల్స్ కొట్టి అత్యుత్తమ ఆటగాడిగా నిలిచింది యురాయ్ స్లాఫ్‌కోవ్‌స్కీ. కోషిత్సే కుర్రాడు, వయసు 17. ఆ జట్టులోనే ఇంకో కుర్రాడు షిమోన్ నెమెత్స్. అదే ఏడాది జులైలో అమెరికా, కెనడా క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు మొదట పిలిచిన పేరు స్లాఫ్‌కోవ్‌స్కీది, రెండోది నెమెత్స్‌ది. ఇద్దరూ పుట్టింది 2004లో, దేశం విడిపోయిన పదకొండేళ్లకు. సీ గ్రూపు సంగతి వాళ్లకు పెద్దవాళ్లు చెబితేనే తెలుసు.