జంషెడ్‌పూర్‌కు ఒక చిన్న రైలు బాకీ

అమెరికాలో మోడల్ రైల్వే పిచ్చి ఉన్నవారి ఇంటికి వెళితే వాళ్లు నేరుగా నేలమాళిగలోకి తీసుకెళతారు. చలి దేశాల్లో పునాదులు లోతుగా తవ్వుతారు కనుక ఇంటి కింద మరో ఇల్లంత చోటు మిగులుతుంది. బట్టలుతికే మిషనుకు, పాత సామానుకు పోను మిగిలిందంతా రైలుదే. జంషెడ్‌పూర్‌లో ఆ వైభోగం లేదు. కద్మాలోనో, టెల్కో కాలనీలోనో ఉన్న కంపెనీ క్వార్టర్లో ఒక గది పిల్లల చదువుకైతే ఇంకోటి ఊరి నుంచి వచ్చే చుట్టాలకు. పైగా ఇల్లు సొంతం కాదు. రిటైరయ్యాక తాళాలు అప్పగించాల్సిందే. ఇరవై ఏళ్లు కూర్చిన రైలుమార్గాన్ని గోడలకు బిగించేస్తే, గోడలతో పాటే దాన్నీ వదులుకోవాలి.

అయినా మన దేశంలో ఈ వ్యాపకానికి ఇంతకన్నా తగిన ఊరు కనిపించదు. 1912లో తొలి ఉక్కు దిమ్మె పోసిన టాటా కర్మాగారం మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా దాకా రైలు పట్టాలు పంపింది. అందుకు కృతజ్ఞతగానే 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. 1945లో ఇక్కడే రైలింజన్ల కోసం టెల్కో పుట్టింది. సంస్థ పేరులోనే లోకోమోటివ్ ఉంది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి రైలెక్కి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఫిట్టర్, టర్నర్, వెల్డర్ అన్న మాటలు ఇంట్లో మాటలే.

1950ల నుంచి 1970 వరకు టెల్కో మీటర్‌గేజి కోసం ఆవిరి ఇంజన్లు తయారుచేసింది. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు: ప్రయాణికుల బండ్లకు వైపీ, సరుకు బండ్లకు వైజీ. వై అంటే మీటర్‌గేజి, పీ అంటే పాసింజర్, జీ అంటే గూడ్స్. 1990లలో బ్రాడ్‌గేజిగా మారకముందు గుంతకల్లు, గుంటూరు, సికింద్రాబాద్‌ల మీదుగా సాగిన మీటర్‌గేజి మార్గాల్లో ప్రయాణించినవారికి ఈ తరహా ఇంజన్ల కూత గుర్తుండే ఉంటుంది. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. జంషెడ్‌పూర్ మీదుగా పోయే లైను బ్రాడ్‌గేజి. వందలాది మీటర్‌గేజి ఇంజన్లను కన్న ఊళ్లో అవి ప్రయాణికులను ఎక్కించుకుని పరుగెత్తడానికి పట్టాలే లేవు. పుట్టింటి గడప దాటాక అవి మళ్లీ ఈ ఊరి ముఖం చూడలేదు.

1954లో డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం కుదిరాక టెల్కో లారీల వైపు మళ్లింది. 1970లో ఇంజన్ల తయారీ ఆగింది. 1992లో మొదలైన యూనిగేజి పథకం మీటర్‌గేజి పట్టాలనే పెకలించుకుంటూ పోయింది. 2003లో సంస్థ టాటా మోటార్స్‌గా మారడంతో పేరులో మిగిలిన లోకోమోటివ్ కూడా పోయింది. కాలనీకి మాత్రం టెల్కో అన్న పేరు నిలిచింది.

ఇంట్లో రైలు కట్టాలనుకునేవారికి మొదట ఎదురయ్యేది లెక్కల పరీక్ష. ప్రపంచంలో ఎక్కువమంది వాడే కొలత హెచ్ఓ. అంటే అసలులో 87వ వంతు. అంగట్లో దొరికే హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. ఇది 1,435 మిల్లీమీటర్ల ఐరోపా, అమెరికా గేజికి సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు. దానికి 19 మిల్లీమీటర్లకు పైగా కావాలి. అందుకే ఇక్కడి ఔత్సాహికులు అమెరికన్ ఆల్కో డీజిల్ ఇంజను బొమ్మ కొని, మన రంగులు వేసి, సన్న పట్టాల మీదే సర్దుకుపోతుంటారు. మీటర్‌గేజి దగ్గర మాత్రం అదృష్టం కలిసొస్తుంది. స్విట్జర్లాండ్‌లోని రేటియన్ రైల్వే కూడా మీటర్‌గేజిదే. దాని మోడళ్ల కోసం అమ్మే 12 మిల్లీమీటర్ల పట్టా టెల్కో ఇంజనుకు దాదాపు అతికినట్టు సరిపోతుంది.

రెండో లెక్క గదిది. పదడుగుల గోడ అంటే మూడు మీటర్లు. ఆ కొలతలో అది అసలు రైలుమార్గంలో 265 మీటర్లకు సమానం. 24 పెట్టెల బ్రాడ్‌గేజి ఎక్స్‌ప్రెస్‌ను నిలబెట్టాలంటే ఆరు మీటర్లు కావాలి. గదిలో సగం రైలే పడుతుంది, స్టేషన్‌కు చోటుండదు. అదే వైపీ ఇంజను దాదాపు 22 సెంటీమీటర్లు. అయిదు పెట్టెలు తగిలించినా మీటరున్నర లోపే. క్వార్టర్ గదికి మీటర్‌గేజి పాసింజరే తగిన సంబంధం.

మూడోది, ఇల్లు మారే సమస్య. దీనికి విరుగుడు ముక్కలుగా కట్టడం. రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవున్న ప్లైవుడ్ బల్లలు. ప్రతి బల్ల చివరా పట్టాలు ఒకే చోట, ఒకే ఎత్తులో ఆగాలి. బోల్టు తీస్తే బల్ల విడిపోవాలి, ప్లగ్గు పీకితే కరెంటు తెగాలి. అమెరికాలో 1973లో మొదలైన ఎన్‌ట్రాక్ పద్ధతి ఇదే. ఎవరింట్లో వారు ఒక్కో బల్ల కట్టుకుని, కలిసినప్పుడు జోడించి పెద్ద రైలుమార్గం చేసుకుంటారు. అలా కట్టిన రైలుమార్గం బల్లబల్లగా లారీ ఎక్కుతుంది, ఆరిపోయిన కుంపటిలా కొత్త ఇంట్లో మళ్లీ రాజుకుంటుంది.

బల్ల మీద కొండలు థర్మకోల్‌తో, ప్లాస్టర్‌తో లేస్తాయి. అసలు చదువు బల్ల కింద ఉంది. మామూలు పద్ధతిలో రెండు పట్టాల్లో ప్రవహించే 12 వోల్టుల డీసీ కరెంటే ఇంజనును నడుపుతుంది. రైలు చుట్టు తిరిగి వచ్చిన దారినే వెనక్కి చేరేలా పట్టా వేస్తే కుడి పట్టా ఎడమ పట్టాను తాకి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకని పట్టాలను మధ్యలో తెంచి, ఏ ముక్కకు ఎప్పుడు ఎటు కరెంటు వెళ్లాలో స్విచ్చులతో నిర్ణయించాలి. అమెరికాలోని ఎంఐటీలో 1946లో పెట్టిన మోడల్ రైల్వే క్లబ్బు విద్యార్థులు టెలిఫోన్ రిలేలతో ఈ చిక్కుముడులు విప్పుతూ విప్పుతూ కంప్యూటర్ల మీద పడ్డారు. హ్యాకర్ అన్న మాటకు నేటి అర్థం వారి నోటి నుంచే వచ్చింది. పిల్లాడు రైలుబొమ్మలతో పాడైపోతున్నాడని బెంగపడే తల్లిదండ్రులకు ఈ సంగతి కొంత ఊరటనివ్వాలి.

ఒక మనిషి పట్టుదల ఎంత దూరం పోగలదో పుణె చూపించింది. కొత్రూడ్‌లో భావూసాహెబ్ జోషీ 1998 ఏప్రిల్ 1న తెరిచిన మినియేచర్ రైల్వే మ్యూజియంలో హెచ్ఓ రైళ్లతో ఒక బుల్లి నగరమే నడుస్తుంది. హాంబర్గ్‌లో కవల సోదరులు 2001లో ప్రారంభించిన మినియాటూర్ వుండర్‌లాండ్‌లో పట్టాల పొడవు 16 కిలోమీటర్లు దాటింది. అంత డబ్బు, అంత చోటు అందరికీ ఉండవు. టెల్కో ఇంజనుకు ఇంత హంగు అక్కర్లేదు కూడా.

దానికి కావలసింది గుర్తున్న మనుషులు. 1970లో ఇంజన్ల విభాగంలో ఇరవై ఏళ్ల అప్రెంటిస్‌గా ఉన్నవారికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటింది. బాయిలరు గొట్టం ఎక్కడ వంగుతుందో, ఏ రివెటు బయటికి కనిపిస్తుందో, క్యాబు లోపలి గోడకు ఏ రంగు వేసేవారో డ్రాయింగుల్లో కొంత దొరుకుతుంది, మ్యూజియంలలో నిలబెట్టిన ఇంజన్లలో కొంత కనిపిస్తుంది. కానీ మ్యూజియం ఇంజనుకు మీద మీద వేసిన రంగులు ఎన్ని పొరలో! అది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉండేదో చెప్పగలవారు ఈ ఊరి వీధుల్లో, వరండా కుర్చీల్లో ఉన్నారు. వారి సంఖ్య ఏటా తగ్గుతోంది. రిటైరైన టర్నరు చేతిలో లేత్ పనితనం ఉంది, మనవడి చేతిలో త్రీడీ ప్రింటర్ ఉంది. ఈ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే వ్యాపకం ఇంకొకటి చప్పున తోచదు.

వైపీ ఇంజను పెద్ద చక్రం వ్యాసం 137 సెంటీమీటర్లు. 87వ వంతులో 16 మిల్లీమీటర్లకు లోపే, మన రూపాయి బిళ్లకన్నా చిన్నది. అలాంటివి ఆరు చేసి, నాలుగడుగుల బల్ల మీద పెట్టి, 12 వోల్టులు తగిలిస్తే చాలు. జంషెడ్‌పూర్‌లో మీటర్‌గేజి పాసింజరు మొదటిసారి కదులుతుంది.